రిమోట్ లారీ ఎందుకు ఆగింది?

రిమోట్‌తో నడిచే బొమ్మ లారీ మూడు రకాలుగా పాడవుతుంది. మొదటి రకంలో అసలు ఉలకదు, పలకదు. రెండో రకంలో సగం పనులే చేస్తుంది: ముందుకెళ్తుంది గాని వెనక్కి రాదు, తిన్నగా పోతుంది గాని పక్కకు తిరగదు. మూడో రకంలో చేతి దగ్గర బాగానే ఆడుతుంది, పది అడుగులు దాటగానే మొరాయిస్తుంది. మీ దగ్గరున్న లారీ ఏ రకమో ముందు ఒక కాగితం మీద రాసుకోండి. మూత విప్పకముందే సగం పని అయిపోయినట్టే. మొదటి రకం చాలావరకు సెల్ల దగ్గరో తీగల దగ్గరో తేలుతుంది. రెండోది మోటారును అటూ ఇటూ తిప్పే ట్రాన్సిస్టర్లదో, గేర్లదో అయి ఉంటుంది. మూడోది రేడియో వ్యవహారం, లేదా నీరసించిన సెల్లు.

ఏలూరులోనైనా, తాడేపల్లిగూడెంలోనైనా, కొల్లేటి లంకల్లోనైనా ఇలాంటి లారీ ఒకటి ఏ అటక మీదో పడి ఉంటుంది. పుట్టినరోజుకు కొన్నారు, చెరువుగట్టు మీద నడిపారు, ఒకరోజు ఆగిపోయింది. దాన్ని విప్పి చూస్తే రసాయనశాస్త్రం, రేడియో తరంగాలు, లెక్కపెట్టే చిప్పు, అయస్కాంతాలు, పళ్ళ చక్రాలు అన్నీ ఒకే డబ్బాలో కనిపిస్తాయి. హైస్కూల్లో విడివిడిగా చదివిన పాఠాలు ఒకదాన్నొకటి ఎలా నడుపుతాయో చూడడానికి ఇంతకన్నా చవకైన ప్రయోగశాల దొరకదు. పాడైపోయిన బొమ్మ కాబట్టి ఇంకా పాడవుతుందన్న భయం కూడా అక్కర్లేదు.

దారిని సగానికి కోయడం

గోదావరి పశ్చిమ డెల్టా కాలువల్లో ఒకటి తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు చేరుతుంది. దాని కింద శివారు చేలకు నీరందకపోతే, అనుభవమున్న లస్కరు ఆనకట్ట దాకా నడుచుకుంటూ పోడు. సగం దూరంలో ఉన్న తూము దగ్గర ఆగి చూస్తాడు. అక్కడ నీళ్లుంటే లోపం దిగువన ఉన్నట్టు, లేకపోతే ఎగువన ఉన్నట్టు. మిగిలిన దారిని మళ్లీ సగం చేస్తాడు.

లారీలో కరెంటు దారి కూడా అలాంటిదే. సెల్లు, స్విచ్, రిసీవరు, డీకోడర్ చిప్పు, ట్రాన్సిస్టర్లు, మోటారు, గేర్లు, చక్రాలు అని ఎనిమిది మజిలీలు లెక్కవేద్దాం. ఒక్కొక్కటే వరసగా పరీక్షిస్తే ఎనిమిది పరీక్షలు పట్టవచ్చు. సగానికి కోస్తూ పోతే ఎనిమిది నాలుగవుతుంది, నాలుగు రెండవుతుంది, రెండు ఒకటవుతుంది. మూడు పరీక్షలతో సరిపోతుంది. ఈ డబ్బాలో నడిమి తూము మోటారు దగ్గర ఉంటుంది. రిమోట్ మీద ముందుకు మీట నొక్కి పట్టుకుని, మోటారు రెండు కొసల మధ్య మల్టీమీటరు పెట్టండి. వోల్టేజి కనిపించి కూడా మోటారు తిరగకపోతే జబ్బు మోటారుది, లేదా దాని తరవాతి గేర్లది. వోల్టేజి లేకపోతే వెనక్కి వెళ్లి సెల్లు, స్విచ్, ట్రాన్సిస్టర్లు చూడాలి. కొత్తగా ఈ పనిలోకి దిగినవాళ్లు చేసే మొదటి తప్పు చిప్పును అనుమానించడం. లోపల చిప్పు ఒక్కటే అర్థంకానిదిగా కనబడుతుంది కాబట్టి నేరం దాని మీద పెడతారు. కదిలే భాగాలు, అతుకులు, స్ప్రింగులు ముందు చెడతాయి. కదలని చిప్పు వాటికంటే చాలాకాలం బతుకుతుంది.

కావలసిన సామాను కొంచెమే: చవకరకం డిజిటల్ మల్టీమీటరు, చిన్న స్టార్ స్క్రూడ్రైవరు, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, సోల్డరు తీగ, పాత టూత్‌బ్రష్, ఐసోప్రొపైల్ ఆల్కహాలు. విప్పే ప్రతి దశలోనూ ఫోన్‌తో ఒక ఫొటో తీయండి. ఎర్ర తీగ ఎక్కడిదో, నీలం తీగ ఎక్కడిదో రేపటికి గుర్తుండదు.

సెల్లు బాగున్నట్టు కనిపించినా

మామూలు పెన్సిల్ సెల్లు నాలుగు వరసలో పెడితే 6 వోల్టులు. రీచార్జి చేసే నికెల్ సెల్లయితే ఒక్కోటి 1.2 వోల్టులే ఇస్తుంది కాబట్టి మొత్తం 4.8. సెల్లను బయటికి తీసి మీటరుతో కొలిస్తే పాతవి కూడా ఒక్కోసారి 1.4 వోల్టులు చూపిస్తాయి. బాగానే ఉన్నాయనుకుని మళ్లీ లోపల పెట్టేస్తాం. ఇక్కడే మోసపోతాం.

ప్రతి సెల్లుకూ లోపల కొంత నిరోధం ఉంటుంది. సెల్లు ముసలిదయ్యే కొద్దీ అది పెరుగుతుంది. మీటరు లాగే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ కాబట్టి ఆ నిరోధం బయటపడదు. మోటారు అలా కాదు, ఆంపియరు లెక్కన లాగుతుంది. నాలుగు సెల్ల లోపలి నిరోధం కలిపి 2 ఓములు అయిందనుకుందాం. మోటారు 1 ఆంపియరు లాగితే ఓమ్ సూత్రం ప్రకారం 2 వోల్టులు సెల్లలోనే ఖర్చయిపోతాయి. 6 వోల్టులు 4కు దిగుతాయి. రిసీవరు బోర్డుకు ఆ కాస్త చాలక ఆరిపోతుంది. బోర్డు ఆరగానే మోటారు ఆగుతుంది. మోటారు ఆగగానే వోల్టేజి మళ్లీ లేస్తుంది, బోర్డు మేలుకుంటుంది, మోటారు మొదలవుతుంది, వోల్టేజి మళ్లీ కూలుతుంది. లారీ కుదుపులు కుదుపులుగా నడవడానికి చాలాసార్లు ఇదే కారణం. అందుకే సెల్లను లోపలే ఉంచి, లారీ నడుస్తుండగా కొలవాలి.

సెల్ల డబ్బాలోని స్ప్రింగులను కూడా చూడండి. ఆల్కలీన్ సెల్లు కారితే తెల్లటి పొడి పేరుకుంటుంది. లోపలి పొటాషియం హైడ్రాక్సైడ్ గాలిలోని కార్బన్ డయాక్సైడుతో కలిసి పొటాషియం కార్బొనేట్ అవుతుంది. అది క్షారం కాబట్టి వెనిగరులోనో నిమ్మరసంలోనో దూదిపుల్ల ముంచి తుడిస్తే నురుగు కట్టి వదిలిపోతుంది. చవక జింకు-కార్బన్ సెల్లు కారితే వచ్చేది ఆమ్లగుణమున్న ద్రవం. దానికి వంటసోడా నీళ్లు వాడాలి. రాగి మీద కనబడే పచ్చటి పొర చిలుము. కొల్లేటి చుట్టుపక్కల గాలిలో తేమ ఎక్కువ కాబట్టి డబ్బాలో వదిలేసిన సెల్లు, వాటిని తాకే రేకులు ఇక్కడ తొందరగా పాడవుతాయి. రేకును సన్న గరుకుకాగితంతో మెరిసేదాకా రుద్దండి. ఆడని రోజుల్లో సెల్లు తీసి విడిగా పెట్టండి. పైసా ఖర్చులేని ఈ అలవాటు ఒక్కటే చాలా లారీలను కాపాడుతుంది.

గాలిలో వచ్చే మాట

1895లో జగదీశ్ చంద్ర బోస్ కలకత్తాలో విద్యుదయస్కాంత తరంగాలను గోడల గుండా పంపి, అవతల గంట మోగించి, తుపాకిమందును పేల్చి చూపించాడు. మూడేళ్ల తరవాత, 1898లో, నికొలా టెస్లా న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నీళ్ల తొట్టిలో ఒక చిన్న పడవను తీగ లేకుండా నడిపాడు. అదే ఏడాది నవంబరు 8న దానికి పేటెంటు వచ్చింది. రేడియోతో నడిచే బొమ్మల వంశానికి మూలపురుషుడు ఆ పడవే.

చవకరకం లారీలు చాలాకాలంగా 27 మెగాహెర్ట్జ్ మీద నడుస్తున్నాయి. ఆ తరంగం పొడవు సుమారు 11 మీటర్లు. ఏరియల్ సమర్థంగా పనిచేయాలంటే అందులో నాలుగో వంతు, అంటే దాదాపు 2.75 మీటర్లు ఉండాలి. బొమ్మ లారీకి అంత తీగ ఎక్కడ పెడతాం? అందుకని ఒక జానెడు తీగ పెట్టి, బోర్డు మీద తీగచుట్టతో ఆ కొరతను కొంత పూరిస్తారు. కొలత చూసి పెట్టిన తీగ అది. వేలాడుతోందని కత్తిరించినా, చుట్టి లోపలికి తోసినా లారీ పరిధి పడిపోతుంది. మూడో రకం జబ్బుకు ముందుగా చూడాల్సింది రెండు ఏరియళ్లనూ, లారీది, రిమోట్‌ది. లోపల అతుకు ఊడి, తీగ పైకి మాత్రం బాగానే కనబడుతూ ఉంటుంది.

రిమోట్‌లో సన్నటి వెండిరంగు రేకుడబ్బా ఒకటి ఉంటుంది, పైన 27.145 లాంటి అంకె ముద్రించి. అది క్వార్ట్జ్ స్ఫటికం. 1880లో జాక్, పియర్ క్యూరీ సోదరులు కనిపెట్టిన పీజో విద్యుత్ ధర్మం వల్ల, వోల్టేజి ఇస్తే అది ఒకే వేగంతో కంపిస్తుంది. రిమోట్ ఆ వేగానికే కట్టుబడి పాడుతుంది. 27 మెగాహెర్ట్జ్‌కు వాడే స్ఫటికపు బిళ్ల మిల్లీమీటరులో ఐదో వంతు మందం కూడా ఉండదు. గచ్చు మీద పడితే బిళ్ల పగిలి, డబ్బా పైకి మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది. ‘కిందపడిన దగ్గర్నుంచి పనిచేయడం లేదు’ అని ఎవరైనా అంటే స్ఫటికాన్నీ, దాని కాళ్ల అతుకులనూ అనుమానించాలి. మార్చేటప్పుడు అదే అంకె ఉన్నది వేయాలి.

లారీలోని రిసీవరు చాలాసార్లు ఒకే ఒక్క ట్రాన్సిస్టరుతో పనిచేస్తుంది. అమెరికన్ ఇంజినీరు ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1922లో రూపొందించిన సూపర్ రీజనరేటివ్ పద్ధతి అది. బోలెడంత సున్నితత్వం ఉంటుంది, కచ్చితత్వం ఉండదు. పక్క పౌనఃపున్యాలను కూడా వింటుంది. అన్నదమ్ములిద్దరికీ ఒకే రకం లారీలు కొంటే ఒకరి రిమోట్‌కు ఇద్దరి లారీలూ ఉరకడం ఇందువల్ల కూడా కావచ్చు. అది రిపేరు చేయాల్సిన లోపం కాదు.

కొత్త లారీలు ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ మీద వస్తున్నాయి. మన దేశంలో ఈ పట్టీని తక్కువ శక్తితో వాడుకోవడానికి 2005లో లైసెన్సు అవసరం తీసేశారు. ఇక్కడ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లే కాబట్టి మూడు సెంటీమీటర్ల ఏరియల్ సరిపోతుంది. ఇవి ఒకే పౌనఃపున్యాన్ని పట్టుకుని ఉండకుండా గెంతుతూ మాట్లాడుకుంటాయి. ఈ గెంతుల ఆలోచన మీద 1942లో హాలీవుడ్ నటి హెడీ లమార్, సంగీతకారుడు జార్జ్ యాంథైల్ పేటెంటు తీసుకున్నారు. రేడియోతో నడిచే టార్పెడోను శత్రువు దారి తప్పించకుండా ఉండాలని వాళ్ల ఉద్దేశం. ఈ రకం లారీ మాట వినకపోతే ముందు లారీనీ రిమోట్‌నూ మళ్లీ జతకలిపి చూడాలి. దాన్నే బైండింగ్ అంటారు.

కొల్లేటి చెరువుగట్ల మీద ఈ రెండు పట్టీల తేడా కళ్లకు కడుతుంది. లారీ గట్టు దిగి అవతలి వాలులోకి వెళ్తే 2.4 గిగాహెర్ట్జ్ లారీ తొందరగా అందకుండా పోతుంది. తరంగం పొడవు కన్నా అడ్డు చాలా పెద్దదైతే దాని వెనక గట్టి నీడ పడుతుంది. పన్నెండు సెంటీమీటర్ల తరంగానికి నిలువెత్తు గట్టు కొండంత. పదకొండు మీటర్ల తరంగం దాని మీదుగా వంగి అవతలికి దిగుతుంది. పైగా తడి మట్టి, తడి గడ్డి 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను బాగా మింగుతాయి. ఇక్కడ పరిధి తగ్గిందని బోర్డు విప్పేముందు ఒకసారి ఎండిన మైదానంలో నడిపి చూడండి.

లెక్కపెట్టే చిప్పు

పాత చవక బొమ్మల్లో విరివిగా కనిపించే చిప్పుల జంట టీఎక్స్-2బీ, ఆర్‌ఎక్స్-2బీ. మొదటిది రిమోట్‌లో, రెండోది లారీలో. మీరు మీట నొక్కగానే రిమోట్ ముందు నాలుగు పొడవాటి పల్స్‌లు పంపుతుంది, ‘ఇక వినుకో’ అన్నట్టు. తరవాత పొట్టి పల్స్‌లు. పది వస్తే ముందుకు, నలభై వస్తే వెనక్కి, యాభై ఎనిమిది వస్తే ఎడమకు, అరవై నాలుగు వస్తే కుడికి. లారీలోని చిప్పు వాటిని లెక్కపెట్టి, తగిన కాలుకు వోల్టేజి ఇస్తుంది. ఒక ఆజ్ఞ పూర్తికావడానికి సెకనులో పదో వంతు కూడా పట్టదు.

ఇది తెలిస్తే రెండో రకం జబ్బుకు దారి దొరుకుతుంది. లారీ ముందుకెళ్తోందంటే రిమోట్, ఏరియళ్లు, రిసీవరు, చిప్పు పల్స్‌లు లెక్కపెట్టే శక్తి అన్నీ బాగున్నట్టే. వెనక్కి రావడం లేదంటే మిగిలినవి రెండే: రిమోట్‌లో వెనక్కి మీట కింద మురికి, లేదా లారీలో వెనక్కి తిప్పే ట్రాన్సిస్టర్లు. మీట కింది రబ్బరుకున్న నల్ల బిళ్లను ఆల్కహాలుతో తుడిచి చూడండి. అప్పటికీ రాకపోతే ట్రాన్సిస్టర్ల దగ్గరకు పదండి.

కాలిన ట్రాన్సిస్టరు, దొరకని దోషి

మోటారు వెనక్కి తిరగాలంటే దానిలో కరెంటు దిశ మారాలి. దానికి నాలుగు ట్రాన్సిస్టర్లను మోటారు చుట్టూ అమర్చుతారు. బొమ్మ గీస్తే ఇంగ్లీషు హెచ్ అక్షరంలా ఉంటుంది కాబట్టి దాన్ని హెచ్-బ్రిడ్జి అంటారు. ఒక ఐమూల జంట తెరుచుకుంటే ముందుకు, రెండో ఐమూల జంట తెరుచుకుంటే వెనక్కి. ఎలక్ట్రిక్ స్కూటర్లలో ఇదే సూత్రం ఆరు స్విచ్‌లతో నడుస్తుంది. బొమ్మల్లో తరచూ కనబడేవి 8050, 8550 అనే జంట. మోటారు తీగ ఒకటి విప్పి, మీటరును డయోడ్ గుర్తు మీద పెట్టి కొలవండి. బేస్ నుంచి మిగతా రెండు కాళ్లకు ఒక దిశలో 0.6, 0.7 వోల్టుల మధ్య చూపాలి, రెండో దిశలో ఏమీ చూపకూడదు. రెండు వైపులా సున్నా చూపితే కాలిపోయినట్టే. ఊరిలో టీవీలు బాగుచేసే కొట్టులో కొద్ది రూపాయలకే కొత్తది దొరుకుతుంది.

కొత్తది వేయగానే లారీ నడుస్తుంది. రెండు రోజులకు మళ్లీ కాలుతుంది. ఎందుకని?

సమాధానం మోటారులో ఉంది. అయస్కాంతాల మధ్య చుట్ట తిరుగుతుంటే అదే ఒక జనరేటరులా ఎదురు వోల్టేజిని పుట్టిస్తుంది. 1831లో ఫారడే కనిపెట్టిన ప్రేరణ సూత్రమే ఇది. చుట్ట నిరోధం 1.5 ఓములు, సెల్లు 6 వోల్టులు అనుకుందాం. మోటారు హాయిగా తిరిగేటప్పుడు ఎదురు వోల్టేజి సుమారు ఐదున్నర వోల్టుల దాకా ఉంటుంది. మిగిలిన అర వోల్టు చుట్టలోంచి తోయగలిగే కరెంటు ఆంపియరులో మూడో వంతు. ఇప్పుడు చక్రాన్ని చేత్తో పట్టి ఆపేయండి. తిరగని మోటారు ఎదురు వోల్టేజి పుట్టించదు. 6 వోల్టులూ చుట్ట మీదే పడతాయి. సెల్ల లోపలి నిరోధాన్ని పక్కన పెడితే 4 ఆంపియర్లు పారాలి. పన్నెండు రెట్లు! ఎస్‌ఎస్8050 రకం ట్రాన్సిస్టరు తట్టుకోగలిగేది 1.5 ఆంపియర్లు.

లారీలో మోటారును ఎవరు పట్టి ఆపుతున్నారు? ఇరుసుకు చుట్టుకున్న గడ్డిపోచ, దారపు పోగు, తలవెంట్రుకలు, గేర్ల మధ్య ఎండిన చెరువుమట్టి. కాలింది ట్రాన్సిస్టరు, కాల్చింది గడ్డిపోచ. రిపేరు నేర్చుకునేవాళ్లకు ఈ అధ్యాయం మొత్తంలో ఇంతకన్నా విలువైన మాట లేదు: చెడిపోయిన భాగం దొరికితే పని సగమే అయినట్టు, దాన్ని చెడగొట్టింది ఏదో దొరికితేనే పూర్తయినట్టు. ట్రాన్సిస్టరు మార్చే ముందు చక్రాలను వేలితో తిప్పి చూడండి. నాలుగూ తేలిగ్గా, ఒకే బరువుతో తిరగాలి.

గేరు పెట్టె విప్పితే రెండు విషయాలు గమనించాలి. ఒకటి, మోటారు కడ్డీకి బిగించిన చిన్న ప్లాస్టిక్ గేరు, పినియన్. లోహపు కడ్డీ మీదికి బిగువుగా ఎక్కించినది కాబట్టి ఏళ్ల తరబడి ఒత్తిడిలో ఉండి నిలువునా చీలుతుంది. అప్పుడు మోటారు గుయ్యిమని తిరుగుతుంది, చక్రాలు మాత్రం కదలవు. ఫెవిక్విక్‌తో అతికిస్తే చీలిక దగ్గర పళ్ళ ఎడం మారిపోయి పక్క గేరును కొరుకుతుంది. అదే సంఖ్యలో పళ్ళున్న కొత్త పినియన్ వేయడమే మందు. రెండు, గ్రీజు. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె పోయకండి. చలికాలం రాత్రుళ్లు అది గడ్డకడుతుంది, మిగతా రోజుల్లో దుమ్మును పట్టుకుని జిగురవుతుంది. పెట్రోలియం గ్రీజులు కొన్ని రకాల ప్లాస్టిక్‌లో పగుళ్లు తెప్పిస్తాయి. సిలికాన్ గ్రీజు చిటికెడు చాలు.

మోటారు కొసల మధ్య 104 అని రాసి ఉన్న చిన్న కెపాసిటరు ఉంటుంది. అంటే 10 పక్కన నాలుగు సున్నాలు, లక్ష పికోఫారడ్లు. మోటారు బ్రష్‌ల దగ్గర పుట్టే నిప్పురవ్వలు రేడియో గోల చేస్తాయి, ఆ గోలను ఇది మింగుతుంది. దాని కాలు ఊడితే లారీకి వింత జబ్బు వస్తుంది: దూరం నుంచి కూడా చక్రాలు ఎడమకూ కుడికీ బాగానే తిరుగుతాయి, ముందుకు మీట నొక్కగానే మాట వినడం మానేస్తుంది. సొంత మోటారు చేసే గోలలో రిమోట్ మాట వినపడక వచ్చే చెవుడు అది.

చెరువులో పడితే

ఈ ప్రాంతంలో లారీ నీళ్లలో పడడం అరుదేమీ కాదు. శుద్ధమైన నీరు బోర్డుకు పెద్దగా హాని చేయదు. హాని చేసేది నీళ్లలో కరిగిన లవణాలు, వాటికి తోడు సెల్ల వోల్టేజి. రెండూ కలిస్తే విద్యుద్విశ్లేషణ మొదలై రాగి దారులు కరిగిపోతాయి. ఉప్పుటేరు వైపు ఉప్పునీటి రొయ్యల చెరువుల్లో పడితే ఇది ఇంకా వేగంగా జరుగుతుంది. కాబట్టి మొదటి పని సెల్లు పీకేయడం. రెండోది, ఆశ్చర్యంగా ఉన్నా, బోర్డును మళ్లీ తడపడం: డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి ఉప్పూ బురదా వదిలించాలి. తరవాత ఆల్కహాలుతో బ్రష్ చేసి, ఫ్యాను గాలికి ఒక రోజంతా ఆరబెట్టాలి.

ఫోన్ తడిస్తే బియ్యం డబ్బాలో పెట్టే అలవాటు మనకుంది. తాడేపల్లిగూడెం చుట్టూ మిల్లులకు, బియ్యానికి కొదవలేదు గాని ఈ పనికి బియ్యం పనికిరాదు. బియ్యం గాలిలోని తేమను లాగేది కొంచెమే, అదీ నిదానంగా. లోపలి ఉప్పును అసలు తీయలేదు. తవుడు దుమ్ము మాత్రం గేర్లలోకి పోతుంది. ధాన్యాన్ని కూడా ఆరబెట్టేది కళ్లంలోని ఎండా గాలే కదా.

అతుకు వేయడం

ఊడిన తీగలన్నీ దాదాపు ఒకే చోట తెగుతాయి, సోల్డరు ముగిసి వంగే తీగ మొదలయ్యే చోట. అక్కడి దాకా తీగ కడ్డీలా బిగుసుకుని ఉంటుంది, కుదుపులన్నీ ఆ ఒక్క అంచు మీదే పడతాయి. అతికిన తరవాత అక్కడ బొట్టు సిలికాన్ జిగురు పెడితే మళ్లీ తెగదు.

తగరం 60, సీసం 40 పాళ్లున్న సోల్డరు 183 నుంచి 190 డిగ్రీల మధ్య కరుగుతుంది. కొత్తవాళ్లు సోల్డరును ఐరన్ మొనకు తాకించి, కరిగిన బొట్టును తెచ్చి అతుకు మీద పూస్తారు. చల్లటి రాగి మీద అది పట్టదు. బూడిదరంగు గుండులా పైపైన కూర్చుంటుంది, వారం తిరక్కుండా ఊడుతుంది. ఐరన్‌తో తీగనూ రాగి బిళ్లనూ కలిపి రెండు మూడు సెకన్లు వేడిచేసి, ఆ వేడి చోట సోల్డరు తాకించాలి. సరిగా పట్టిన అతుకు మెరుస్తూ, అంచులు పల్చగా పరుచుకుని ఉంటుంది. అందులో సీసం ఉంది కాబట్టి పని కాగానే చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పిల్లలు చేసేటప్పుడు పెద్దలొకరు పక్కన ఉండాలి, కిటికీ తీసి ఉంచాలి.

బొమ్మ దాటి

ఈ సరదా ముదిరితే తరవాతి మెట్టు హాబీ లారీ. జపాన్‌కు చెందిన తామియా 1976లో రేడియోతో నడిచే పోర్షే 934 కారును అమ్మకానికి తెచ్చింది. 1987లో వచ్చిన క్లాడ్ బస్టర్ అనే పెద్దచక్రాల లారీ అభిమానుల్లో ఇప్పటికీ పేరున్నదే. వీటిలో ప్రతి భాగాన్నీ విడిగా కొని మార్చుకోవచ్చు. బొమ్మకూ హాబీ వాహనానికీ అసలు తేడా ఇదే. చక్రాలను తిప్పే సర్వో మోటారుకు పల్స్‌ల సంఖ్యతో పనిలేదు, వాటి వెడల్పు చాలు: 1.5 మిల్లీసెకన్లయితే తిన్నగా, ఇంచుమించు 1 అయితే ఒక పక్కకు, 2 అయితే రెండో పక్కకు.

ఇక్కడ వాడే లిథియం పాలిమర్ బ్యాటరీలతో మాత్రం జాగ్రత్త. ఒక్కో సెల్లు నిండితే 4.2 వోల్టులు, 3 కన్నా దిగితే పాడవుతుంది. ఉబ్బిన బ్యాటరీని చార్జింగు పెట్టకూడదు, గుచ్చకూడదు, అంటుకుంటుంది. దానికి తగిన బ్యాలెన్స్ చార్జరే వాడాలి, చార్జవుతుండగా ఇల్లు విడిచి వెళ్లకూడదు.

ఇదంతా బొమ్మల కోసమేనా అనుకునేవాళ్లు చేపల చెరువు గట్టు మీదికి ఒకసారి వెళ్లి చూడాలి. నీళ్లలో ప్రాణవాయువు తగ్గితే ఏరేటర్లు తిప్పాలి. మోటారు స్టార్టరుకు సిమ్ కార్డున్న పెట్టె తగిలించి, ఇంట్లో కూర్చుని ఫోన్‌తో ఆన్ చేసే పద్ధతి ఆంధ్రలో రైతులకు కొత్త కాదు. అందులోనూ ఉన్నవి ఇవే మజిలీలు: ఒక సంకేతం, దాన్ని విని అర్థం చేసుకునే బోర్డు, ఒక స్విచ్, ఒక మోటారు, దాని వెనక తిరిగే చక్రం. అది ఆగినప్పుడు వెతికే పద్ధతి కూడా ఇదే. కాకపోతే అక్కడున్నది ప్రాణాలు తీసే త్రీఫేజు కరెంటు. దాని జోలికి లైసెన్సున్న ఎలక్ట్రీషియనే వెళ్లాలి.

అన్ని లారీలూ బాగుపడవు. బోర్డు మీద రాగి దారులను చిలుము తినేసి ఉంటే, గేరు పెట్టె పగిలి ఉంటే అక్కడితో వదిలేయడం మేలు. అప్పుడు కూడా మోటారు, స్విచ్, స్క్రూలు, ఇరుసులు దాచుకోండి, తరవాతి లారీకి పనికొస్తాయి. కొత్తది కొనాల్సివస్తే ఐఎస్ఐ గుర్తు చూసి కొనండి. 2021 జనవరి నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకు అది తప్పనిసరి, కరెంటు బొమ్మలకు వర్తించే ప్రమాణం ఐఎస్ 15644.

చివరగా పాత సెల్ల మాట. తమ్మిలేరు, బుడమేరు, ఇంకా ఎన్నో డ్రైన్లు కొల్లేట్లో కలుస్తాయి. అక్కడి నుంచి సముద్రానికి దారి ఉప్పుటేరు ఒక్కటే. 2002లో రామ్సర్ జాబితాకెక్కిన ఆ సరస్సు ఆటపాక గూడబాతులకే కాదు, ఎన్నో లంక గ్రామాలకూ ఆధారం. కాలువలోకి విసిరిన సెల్లులోని లోహం ఎక్కడికీ పోదు, ఆ మట్టిలోనే ఉంటుంది. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాడేసిన బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదే. అవి సేకరించేవాళ్లకు చేరేదాకా ఒక డబ్బాలో దాచి ఉంచే బాధ్యత మనది. అటక మీది లారీని ఈ ఆదివారం కిందికి దించండి. ముందు దాని సెల్లు తీయండి, తరవాత మీటరు పట్టుకోండి.